గీత మీద నడిచిన కాలు

ఉక్కు ముక్కుల బరువు బూట్లు రెండూ విప్పి, టెస్ట్ గది గుమ్మం బయట పక్కపక్కన పెట్టి, కాజిమిర్ వోయ్‌తాస్ సంచిలోంచి పల్చటి తోలు జోడు తీశాడు. దాని అడుగు ఎంత అరిగిపోయిందంటే, నేల మీద పడ్డ నాణెం బొమ్మో బొరుసో వంగి చూడక్కర్లేదు, కాలే చెప్పేస్తుంది. కుడికాలి జోడు తొడుక్కుంటూ గోడకి ఆనుకుని ఒక్క క్షణం ఆగాడు. ఎడమ భుజం కింద నిన్న సాయంత్రం నుంచీ ఏదో పట్టేసినట్టుంది. వాకిట్లో మంచు ఎత్తిపోసిన పారది తప్పు అనుకున్నాడు. గుండెల్లో మంటకి మాత్రం రాత్రి భార్య హలీనా వేయించిన సాసేజీని తప్పుపట్టాడు. డెట్రాయిట్‌లో మేం పెట్రోలుని గ్యాసంటాం. బతుకంతా గ్యాసు లెక్కలు చూసిన మనిషి కాబట్టి ఆ మంటని కూడా గ్యాసు ఖాతాలోనే రాసేసి, జేబులోంచి రెండు సుద్దబిళ్ళలు తీసి నమిలాడు.

పూర్తి పేరుకి నోరు తిరగనివాళ్ళందరికీ అతను కాజ్. చూడ్డానికి గట్టి, కొరికితే పాకం. మన కాజాకి దగ్గర చుట్టమే. అరవై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, గోధుమరంగు పోయి తెల్లబడ్డ మీసం, కుడికాలి పిక్క ఎడమదానికన్నా కొద్దిగా లావు. ఏళ్ళ తరబడి ఒకే కాలుతో అన్నం తిన్నవాడికి అంత తేడా ఉండడం సహజం.

కారుని నలుగురు తోసుకొస్తున్నారు. రాత్రంతా పప్పు నానబెట్టినట్టు ఒకే వేడిమిలో నానబెట్టిన కారు అది. రోలర్ల మీదికి ఎక్కేదాకా ఇంజను తిప్పకూడదు. నాలుగు వందల అరవై గుర్రాల బలం ఉన్న బండిని నలుగురు మనుషులు రొప్పుతూ తోయడం అక్కడ రోజూ జరిగే తమాషానే. రోజూ ఎవరో ఒకరు దానిమీద ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

"గుర్రాలన్నీ లోపల కాళ్ళు చాపుకు పడుకున్నాయి. గాడిదలం మేం మేలుకున్నాం," అన్నాడు టెరెల్ బాగ్స్, వెనక బంపర్‌కి భుజం ఆనించి. అతనూ డ్రైవరే, నలభై లోపు వాడు. ఇవాళ డ్రైవింగ్ లేదు కాబట్టి కంట్రోల్ గదిలో ఉండాలి. "తాతా, కాస్త దిగి నువ్వూ ఒక చెయ్యెయ్యొచ్చుగా?"

స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న కాజ్ అద్దంలోంచి చూశాడు. "దిగితే తోసేవాళ్ళు ఐదుగురవుతారు, తిప్పేవాడుండడు. కంపెనీ మొత్తం అలాగే నడుస్తోంది కదరా, ఈ ఒక్క గదిలోనన్నా స్టీరింగ్ దగ్గర మనిషిని ఉండనీ."

వెనక చక్రాలు నేలలో దిగేసిన ఉక్కు రోలర్ల మీద కూర్చున్నాయి. గొలుసులు బిగించారు. పొగగొట్టాలకి లావుపాటి గొట్టాలు తగిలించారు. కారు వదిలే పొగనంతా సంచుల్లో పట్టి, మైలుకి ఎంత మైల అంటిందో, మైలుకి ఎంత చమురు తాగిందో తేలుస్తారు. కాజ్ తన నురుగు దిండు సీటు మీద వేసుకుని సర్దుకున్నాడు. ఎన్ని కార్లు మారినా దిండు మారలేదు. దానిమీద అతని ఆకారం అచ్చుగుద్దినట్టు ఉంటుంది.

ఎదురుగా మనిషంత ఫ్యాను. ఫ్యాను పైన గోడ మీద, నాలుగు మూలలా టేపు అంటించిన కేలండరు బొమ్మ. ఐదు మైళ్ళ మాకినా వంతెన, నీలం నీళ్ళ మీద. ఎప్పుడో హలీనా అంటించమని ఇచ్చింది. "రోజంతా గోడకేసి చూస్తూ బండి నడిపితే పిచ్చెక్కుతుంది, ఎదర ఏదో ఒకటి ఉండాలి," అంది. వంతెన దగ్గరే పడవెక్కితే ఒక దీవి. అక్కడ కార్లని అడుగుపెట్టనివ్వరు, గుర్రబ్బళ్ళే. పెళ్ళయినప్పటి నుంచీ హలీనా ఒకే ఒక్క సెలవు అడుగుతోంది, అక్కడికి. కాజ్ ఏటా మంచు కరగ్గానే అంటున్నాడు. మంచు ఏటా కరుగుతూనే ఉంది.

"పూంచ్కీ ఎవరికైనా మిగిలాయా, అన్నీ టెరెల్ కడుపులోకే పోయాయా?" అంటూ ఇమానీ పెట్‌వే వచ్చింది. ఆవేళ పూంచ్కీల మంగళవారం. రేపటినుంచి నలభై రోజులు ఉపవాసాలు, అందుకని ఇవాళ ఊరు ఊరంతా జామ్ నింపి నూనెలో వేయించిన గుండ్రటి రొట్టెలు తిని తీరాలి. తన పోలిష్‌వాళ్ళుండే హాంట్రామిక్‌లో బేకరీ ముందు చీకటితోనే మంచులో నిలబడి కాజ్ రెండు పెట్టెలు పట్టుకొచ్చాడు.

"గులాబీ జామ్‌ది నీకోసం దాచాను, అమ్మాయ్. అడుగున ఉంది."

"దీన్లో ఎంత నూనె ఉంటుంది కాజ్?"

"నీ ఇంజను తాగేదానికన్నా తక్కువే."

ఆమె నవ్వింది కానీ నవ్వు కళ్ళదాకా పోలేదు. ఆ ఇంజను నిజంగానే ఆమెది. నలభై ఐదేళ్ళ మనిషి, ఇంజనీరు, ఆరేళ్ళుగా దాన్నే పెంచుతోంది. డెట్రాయిట్ పడమటి వైపు వీధిలో వాళ్ళ నాన్న వరండాలో కూర్చుని, మలుపు తిరగకముందే చప్పుడు విని వచ్చేది ఏ కారో చెప్పేవాడట. ఆ చప్పుడు చచ్చిపోకూడదని ఆమె పంతం. ఎనిమిది సిలిండర్ల ఇంజను, చేత్తో మార్చే గేర్లు. అలాంటి జోడీ కంపెనీలో ఇదొక్కటే మిగిలింది. దీనికి పోటీ ఆరు సిలిండర్ల టర్బో. చిన్న కడుపు, పెద్ద ఊపిరి. బలంలో తీసిపోదు, తిండిలో పొదుపు. చప్పుడొక్కటే దాని సొంతం కాదు. అది లోపల స్పీకర్లలోంచి వస్తుంది.

పైవాళ్ళు తేల్చేశారు. గాలనుకి ఇరవై రెండున్నర మైళ్ళ కంటే ఒక్క వీసం తగ్గినా కారు మీద తిండిపోతు పన్ను పడుతుంది. ఆ ముద్ర పడ్డ కారుని వాళ్ళు అమ్మదలచుకోలేదు. తగ్గితే ఈ ఎనిమిదికి సెలవు, ఆ ఆరుకే ఆసనం. నిన్న టెరెల్ నడిపితే ఇరవై రెండు పాయింట్ ఆరు వచ్చింది. కానీ సర్కారు లాబ్‌వాళ్ళు తమ డ్రైవరుతో మళ్ళీ నడిపి చూస్తామంటే ఆ అంకె నిలబడుతుందా అని ఎవరికో అనుమానమొచ్చింది. అనుమానమొచ్చినప్పుడల్లా అక్కడ అనేది ఒకటే మాట. కాజ్‌ని కూర్చోబెట్టండి.

*

ఇంజను గుర్రుమంది. ఎనిమిది సిలిండర్లూ ఒకేసారి ఒళ్ళు విరుచుకున్న ఆ మొదటి చప్పుడు కాజ్‌కి వీపులోంచి వినిపిస్తుంది. వాళ్ళ నాన్న జిగ్మంట్ ఇంజను దిమ్మలు పోతపోసే ఫౌండ్రీలో పనిచేశాడు. కనుబొమలు కాలిపోయి, మళ్ళీ మొలిచి, మళ్ళీ కాలిపోయిన మనిషి. పెరట్లో ఎప్పుడూ ఏదో ఒక వి-ఎయిట్, అంటే ఇలాంటి ఎనిమిది సిలిండర్లదే, విప్పి ఉండేది. కాజ్‌కి అది జోలపాట.

కిటికీ పక్కన ఇనుపచెయ్యి మీద తెర. తెర మీద ఎర్రగీత. పట్నంలో ఒక మనిషి పనికి పోతూ ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ వేగం అందుకుంటాడో ఎప్పుడో ఎవరో పెద్దలు గీసిపెట్టిన గీత. తన వేగం ఒక నీలం చుక్క. ఆ చుక్కని గీత మీద ఉంచడమే ఉద్యోగం. అందరి గీతా నుదుటి మీద ఉంటుందంటారు, ఎవరికీ కనపడదు. కాజ్‌ది కళ్ళెదుటే ఉంది, పైగా కంఠతా వచ్చు.

ఎర్రగీతకి పైనా కిందా సన్నటి రెండు హద్దులుంటాయి. ఆ రెంటి మధ్య ఎక్కడున్నా తప్పు లేదు. ఆ సందులోనే ఉంది కిటుకంతా. గీత కొండెక్కే చోట శిఖరం కాస్త గొరిగి, లోయలో దిగే చోట గుంట కాస్త పూడ్చి, మెత్తగా నడిపితే చమురు మిగులుతుంది. కాలు కదిలితే చమురు కాలుతుంది, అంతే. టెరెల్‌కి ఆ పని బాగా చేతనవును. చేతనైన పని అనకూడదేమో, కాలనైన పని. కాజ్ మాత్రం గీత మీదే నడుపుతాడు. వాకిట్లో పాత ముగ్గు మీదే మళ్ళీ ముగ్గు వేసే ఆడవాళ్ళ చెయ్యి ఎలా పోతుందో అతని కాలు అలా పోతుంది. పరీక్ష అయ్యాక చూస్తే ఎరుపు కింద నీలం ఉన్నట్టే తెలీదు.

మొదటి గేరు. మెల్లగా రెండులోకి వెయ్యబోతే లోపలి కొక్కెమేదో చేతిని పట్టుకుని నాలుగులోకి లాగింది. పొదుపుకోసం పెట్టిన ఏర్పాటు అది. నెమ్మదిగా నడిపేవాడికి ఒకటో తరగతి నుంచి తిన్నగా నాలుగో తరగతికి ప్రమోషన్. కొన్నవాళ్ళు మొదట ఆ కొక్కెం పీకించి పారేస్తారు. కాజ్‌కి దానిమీద కోపం లేదు. ఎవరి పొదుపు వాళ్ళది.

అతను ఈ గదిలోకి వచ్చిన కొత్తల్లో కండకార్లకి, అంటే మజిల్ కార్లకి, కండ కరిగిపోయి కావరమొక్కటే మిగిలింది. చమురు కరువు వచ్చి వెళ్ళింది, కంపెనీలు ఇంజన్లకి గొంతు నులిమేశాయి. తలుపుల మీద మంటల బొమ్మలు అంటించేవారు, కింద ఉన్న ఇంజనుకి ఆ బొమ్మల్ని మోసే ఓపిక కూడా ఉండేది కాదు. తర్వాత కార్బురేటరు పోయింది, చమురుని చుక్కల్లో చిమ్మే పద్ధతి వచ్చింది. ఐదో గేరు వచ్చింది, ఆరోది వచ్చింది. ఒకసారి సగం సిలిండర్లని నిద్రపుచ్చే తెలివి చూపించారు. పడుకున్నవి లేవలేదు, లేచినవి ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. ఆ వారమంతా కాజ్ నడుము పట్టేసి హలీనా చేత కాపడం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఇమానీలాంటి వాళ్ళొచ్చారు. గుర్రాల్ని పెంచు, గడ్డి పెంచకు అన్నారు పైవాళ్ళు. వీళ్ళు నిజంగానే పెంచారు. ఆ చరిత్రంతా కాజ్ అరికాలి కింది నుంచే నడిచిపోయింది. అతను మాత్రం ఈ గదిలోంచి అంగుళం కదల్లేదు. చంద్రుడిదాకా పోయి వచ్చేటంత దూరం నడిపి ఉంటాడు, అయినా కారు బంపరు ఏనాడూ ఆ ఫ్యానుని తాకలేదు.

ఒక్క కండకారు కూడా అతని సొంతం కాలేదు. ఇంటికి పోయేది నాలుగు సిలిండర్ల చిన్న కారులో. ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఊళ్ళో ఉన్న పాత కార్లన్నీ ఊరేగేటప్పుడు మడత కుర్చీ వేసుకుని, అల్లం సోడా చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. చూడ్డానికి కాదు, వినడానికి.

*

రెండో విడత అయ్యాక ఇంజను ఆపారు, ఫ్యాను ఆగింది. పది నిమిషాలు మళ్ళీ నానాలి. కారు నానేటప్పుడు కాజ్ కునుకు తీస్తాడు, అది అందరికీ తెలిసిన ఆచారం. అతని గురక కంట్రోల్ గది స్పీకర్లో వినిపిస్తుంది. గురక ఆగిందంటే టైమయిందని లెక్క. లోపల గుర్రాలు, పైన గురక అని టెరెల్ ఓ పాట కూడా కట్టాడు.

కానీ ఈసారి కునుకు పట్టకముందే ఇమానీ వచ్చి కిటికీ అంచు మీద మోచేతులు ఆనించింది.

"సంచులు చూసొచ్చాను, కాజ్."

"సంచి చూసిన మొహంలా లేదే. సంచి పోగొట్టుకున్న మొహంలా ఉంది."

"గీత మీదే నడిపావు."

"మరెక్కడ నడపమంటావు?"

"మధ్యలో అంత ఖాళీ ఉంది కదా. వాడుకోడానికే కదా ఇచ్చారు. రూలే ఒప్పుకుంటుంది. నేనేం దొంగపని చెయ్యమనట్లేదు." ఆమె గొంతు తగ్గించింది. "వెంట్రుకవాసిలో పోయేట్టుంది. ఈ మిగిలిన విడతా, తర్వాత హైవే. కాస్త తేలిగ్గా తొక్కు. పిట్ట ఈకంత. చాలు, బయటపడిపోతాం."

కాజ్ భుజం నొక్కుకుంటూ వంతెన బొమ్మకేసి చూశాడు. "నాకూ కావాలమ్మాయ్ ఈ ఇంజను. మా నాన్న కనుబొమలు దీని తాతముత్తాతల దగ్గరే కాలిపోయాయి."

"మరి?"

"మరి గ్యాస్ పంపు దగ్గర ఒకడుంటాడు. అద్దం మీద అంటించిన అంకె చదివి మురిసిపోయి కొన్నవాడు. టాంకు ఖాళీ అయ్యాక పంపు పట్టుకుని బండబూతులు తిడతాడు. కంపెనీని తిడుతున్నాననుకుంటాడు వాడు. కాదు. వాడు తిట్టేది నా కాలుని."

"వాడికి నీ కాలేంటో తెలీనే తెలీదు, కాజ్."

"నాకు తెలుసుగా."

ఇమానీ కిటికీ అంచుని గోటితో గీకింది.

"ఇంకోటి," అన్నాడు కాజ్. "తేలిగ్గా తొక్కడం నాకు రాదు. ఇన్నేళ్ళలో నేర్చుకోలేదు, ఈ పది నిమిషాల్లో నేర్పిస్తావా?"

"మొండిఘటానివయ్యా నువ్వు! పోలిష్ మొండిఘటం."

"మెత్తటి పోలిష్ ఘటాలు ఆ పెట్టెలో ఉన్నాయి. పోయి ఒకటి తిను. రేపటినుంచి దొరకవు."

ఆమెకి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి బయటికొచ్చాయి. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మొహం పాలిపోయినట్టుంది, బాగానే ఉన్నావా?" అంది.

"గ్యాసు," అన్నాడు కాజ్.

*

మూడో విడతలో మధ్యలో వచ్చే పెద్ద కొండ దగ్గర నొప్పి భుజం దిగి మోచేతిలోకి వచ్చింది. ఆ చెయ్యి స్టీరింగ్ మీద ఊరికే పెట్టుకున్నదే, దానికి పనేమీ లేదు. పనున్న కాలు బాగానే ఉంది. కాలు బాగున్నంతసేపూ మిగతా ఒళ్ళు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. అతని ఒళ్ళు ఎప్పుడూ అలాగే సర్దుకుపోయింది.

హైవే గీత రెండుసార్లు నడపాలి, అదీ ఈ రోలర్ల మీదే. ఒకటి వేడెక్కడానికి, రెండోది లెక్కకి. హైవే అంటే కాజ్‌కి ఇష్టం. మధ్యలో ఆగేది లేదు. గంటకి యాభై మైళ్ళ దగ్గర కారు కుదురుకోగానే లోపల నాలుగు సిలిండర్లు ఉపవాసంలోకి వెళ్ళిపోయాయి. ఎప్పుడు వెళ్ళాయో బయటివాళ్ళెవరికీ తెలీదు. ఇమానీ ఆరేళ్ళ బతుకు ఆ తెలియకపోవడంలోనే ఉంది. కాజ్‌కి మాత్రం అరికాలికి తెలిసింది. పక్కగదిలో మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరు నిద్రపోయినట్టు. నిద్రలేపాల్సిన చోట గీత పైకి లేచింది, కాలు కిందికి వెళ్ళింది, పడుకున్నవి చప్పుడు చెయ్యకుండా లేచి పనందుకున్నాయి. 'శభాష్ అమ్మాయ్' అనుకున్నాడు. అనడానికి గాలి చాల్లేదు.

స్టీరింగ్ పక్కన వేలాడే ఎర్ర బొత్తం నొక్కితే అంతా ఆగిపోతుంది. దానికేసి ఒకసారి చూశాడు. నొక్కితే ఈ పరుగు పోతుంది, కారుని మళ్ళీ రాత్రంతా నానబెట్టాలి, మళ్ళీ ఆ నలుగురూ తొయ్యాలి. ఇంకెంత, రెండు కొండలు.

ఆ రెండిట్లో మొదటిదాని మీద చుక్క జారింది. కొద్దిగానే, గీత కింది అంచుకి. చెమట కంట్లో పడి రెప్ప వేసినంతలో జారింది. అక్కడ హాయిగా ఉంది. కాలికి బరువు లేదు, ఇంజనుకి బరువు లేదు, నాలుగు సిలిండర్లూ ఇంకా నిద్రలోనే ఉన్నాయి. హద్దు దూరంగా ఉంది. అక్కడే ఉండిపోతే ఎవరూ ఏమీ అనరు. పైగా ఒకామె కళ్ళనీళ్ళు పెట్టుకుని సంతోషిస్తుంది. కాజ్ ఆ చుక్కకేసి చూశాడు. పక్కింటి అరుగు మీద కాసేపు కూర్చున్నట్టుంది.

తర్వాత అరిగిన జోడు కింద పెడల్ పేపరు మందమంత దిగింది. నీలం చుక్క ఎర్రగీతలోకి పోయి కనపడకుండా పోయింది.

ఆఖరి దిగుడు. అరవై నుంచి సున్నా దాకా ఒకే వాలు. క్లచ్ తొక్కాడు, గేరు తీశాడు, బ్రేకు మీద కాలు అద్దాడు. గీత సున్నా దగ్గర నేలకి తగిలినప్పుడే చుక్కా తగిలింది. తాళం తిప్పాడు. ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారే ఊరుకున్నాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తల వెనక్కి వాల్చి కాజ్ వంతెనకేసి చూశాడు.

కంట్రోల్ గదిలో టెరెల్ పూంచ్కీ కొరుకుతూ మైకు నొక్కాడు. "అదరగొట్టావ్ తాతా. దిగు."

కారు తలుపు తెరుచుకోలేదు.

"కునుకేశాడు," అన్నాడు ఇమానీతో. ఆమె సంచుల అంకె కోసం ఎదురుచూస్తోంది, తలెత్తలేదు. టెరెల్ వేళ్ళకంటిన చక్కెర నాక్కుని మళ్ళీ మైకు నొక్కాడు. "తాతా, గురక వినపడట్లేదు. స్పీకరు పాడైందా?"

అని, తన మాట తనకే వినపడి, పూంచ్కీ బల్ల మీద పెట్టి లేచి పరుగెత్తాడు.

*

అంబులెన్సు వచ్చింది, వెళ్ళింది. తీసుకెళ్ళినవాళ్ళు తొందరపడలేదు, దాన్నిబట్టే అందరికీ తెలిసింది. ఇంటికి ఫోను ఇమానీయే చేసింది. హలీనా అటువైపు నుంచి, "బూట్లు తొడిగారా? బయట మంచుగా ఉంది," అంది.

సాయంత్రానికి అంకె ఇమానీ ముందు ఉంది. ఇరవై రెండు పాయింట్ నాలుగు.

పైనుంచి ఫోను వచ్చింది. పెద్దాయన గొంతు మెత్తగా ఉంది. మనిషి పోయినందుకు చాలా బాధపడుతున్నామన్నాడు. తర్వాత, డ్రైవరు ఒంట్లో బాగాలేనప్పుడు నడిపిన పరుగు పరుగు కింద లెక్కకి రాదు కదా అన్నాడు. రద్దు చేసెయ్యండి, రేపు టెరెల్‌తో నడిపించండి, ఎవరూ తప్పుపట్టరు. మీ ఇంజనుకి అదృష్టం ఉంది అని మాత్రం అనలేదు. అనకుండానే అన్నట్టు వినిపించింది.

ఆమె ఫోను పెట్టేసి తెర ముందు కూర్చుంది. రద్దు చెయ్యడానికి రూలు ఒప్పుకునే కారణం ఒక్కటే. డ్రైవరు గీత పట్టుకోలేకపోయాడు అని. ఆమె పరుగు మొదటి నుంచీ పెద్దది చేసి చూసింది. ఎర్రగీత ఒక్కటే ఉంది. నీలం ఎక్కడా లేదు. హైవేలో చివరి నుంచి రెండో కొండ మీద ఒక్కచోట, రెప్పపాటు, ఎరుపు కింద నీలం అంచు బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. ఆమె ఆ చోట వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ తర్వాత చివరిదాకా, సున్నా దాకా, మళ్ళీ ఒకటే గీత.

టెరెల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రద్దు చేసెయ్ ఇమానీ. రేపు నేను నడుపుతా. ఇరవై రెండున్నర దాటించే పూచీ నాది. ఆయనకి మాత్రం వి-ఎయిట్ అంటే ప్రాణం కాదూ? ఆయనున్నా అదే కోరుకునేవాడు."

"ఆయనేం కోరుకుంటాడో నాకు చెప్పకు," అంది ఇమానీ. "నేనడిగాను. చెప్పాడు."

"ఆరేళ్ళు పోతాయి నీవి."

"తెలుసు."

"ఊరికే పోతాయి."

"గీత పట్టుకోలేకపోయాడని రాయమంటావా? ఎవరి గురించి? నువ్వు రాస్తావా?"

టెరెల్ తెరకేసి చూశాడు. చక్కెర అంటిన చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. అక్కడ చక్కెర ఎప్పుడో పోయింది. "లేదు," అన్నాడు.

ఆమె పరుగు చెల్లుతుందని నొక్కింది. చిన్న బొత్తం, చప్పుడు కూడా రాలేదు. తర్వాత పెట్టె అడుగున చూసింది. గులాబీ జామ్‌ది ఒకటి చల్లారిపోయి ఉంది. నిలబడే తినేసింది, మొత్తం.

వేసవికల్లా వి-ఎయిట్ పోయింది. చేత్తో మార్చే గేర్లూ దాంతోనే పోయాయి. ఆఖరి కారుని ఫ్యాక్టరీవాళ్ళు అమ్మకుండా అట్టేపెట్టి, దండ వేసి ఫోటో తీశారు. దాని అద్దం మీద కాజ్ తేల్చిన అంకె ఉన్నదున్నట్టే ఉంది. వుడ్‌వర్డ్ మీద ఆగస్టు ఊరేగింపులో మడత కుర్చీలవాళ్ళు ఆ కబురు చెప్పుకుని ఇంజనీర్లని నానాతిట్లూ తిట్టారు. కాలుని ఎవరూ తిట్టలేదు.

హలీనా ఒకరోజు వచ్చి గుమ్మం బయట ఉన్న బూట్లూ, నురుగు దిండూ, పల్చటి జోడూ తీసుకెళ్ళింది. గోడ మీది బొమ్మ పీకి ఇవ్వబోతే టెరెల్ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది ఉండనివ్వు బాబూ. రేపు అక్కడ నువ్వేగా కూర్చునేది. ఎదర ఏదో ఒకటి ఉండాలి."

ఇప్పుడు ఆ రోలర్ల మీద ఆరు సిలిండర్ల టర్బో నడుస్తోంది. ఫ్యాను వేసినప్పుడల్లా వెనక లాగే గాలికి టేపు ఊడిన ఒక మూల లేస్తుంది, పడుతుంది, లేస్తుంది. ఐదు మైళ్ళ వంతెన మాత్రం, ఎంత నడిపినా, నీలం నీళ్ళ మీద అదే దూరంలో ఉంది.